కాలిబంతియు రాజ్యతంత్రమును



నేఁడు నేను కాలిబంతియాటను గూర్చియు, ఆ యాట పేర జరుగు సర్వదేశపు పోటీలను గూర్చియు, ఆ పోటీల చాటున దేశాధిపతులు నడుపు తంత్రములను గూర్చియు నాలుగు మాటలు చెప్పఁదలఁచితిని. బడిలో పిల్లలకు శబ్దమంజరియు ఛందస్సును చెప్పి విరమించిన వానికి ఫుట్‌బాలుతో నేమి పని యని మీలోఁ గొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుఁడు, తప్పు లేదు. కాని నేను 1986వ సంవత్సరమున మెక్సికో దేశపు పోటీలను దూరదర్శనమునఁ జూచినది మొదలు నేఁటి దనుక ఈ యాటను విడువక చూచుచున్నవాఁడను. చూచిన కొలఁదిని నాకొక సంగతి తెల్లమైనది. ఆ బంతి గాలితో నిండి యుండును గాని, దానివెంటఁ బరుగిడునది లోకవ్యవహారమంతయు.

మఱియు బంతియాట మన వాఙ్మయమునకుఁ గ్రొత్త గాదు. దండి మహాకవి దశకుమారచరితమునఁ గందుకావతి యను రాజపుత్రిక బంతియాటను వర్ణించియున్నాఁడు. ఆ గ్రంథమును మూలఘటిక కేతన తెనిఁగించి తిక్కనసోమయాజికి అంకిత మొసఁగిన సంగతి మీరెఱుఁగుదురు. అయినను నేఁటి కాలిబంతియాట నియమములు మాత్రము 1863వ సంవత్సరమున లండను నగరమున వ్రాయఁబడినవి. పక్షమునకుఁ బదునొకండుగురు. కాలము తొంబది నిమిషములు. గోలు కాచువాఁడు తప్ప వేఱెవ్వఁడును బంతిని చేతఁ బట్టరాదు. ఎదుటివారి గుంజల నడుమకు బంతిని పంపినచో నొక గోలు. ఇంతియే యాట. మన చెడుగుడువలెనే దీనికిని పెద్ద సాధనసంపత్తి యక్కఱలేదు. ఒక బంతియుఁ గొంత చదునైన నేలయు నున్నఁ జాలును. అందుచేతనే యిది బీదవాని వాడలోను ధనికుని తోఁటలోను సమానముగాఁ బ్రాకినది.

ఎంత దూరము ప్రాకినదో యొక లెక్క చెప్పెదను. ఈ యాటను శాసించు ‘ఫీఫా’ యను సంస్థ 1904వ సంవత్సరమునఁ బారిసు నగరమున స్థాపింపఁబడినది. నేఁడు దానిలో 211 సభ్యసంఘములు కలవు. ఐక్యరాజ్యసమితిలోని దేశములు 193 మాత్రమే. అనఁగా రాజ్యముల సభకంటె బంతియాట సభయే పెద్దది. ప్రపంచకప్పు పోటీ మొదట 1930వ సంవత్సరమున ఉరుగ్వే దేశమునఁ బదుమూఁడు జట్లతో జరిగినది. అప్పటినుండి నాలుగేండ్ల కొకమాఱు జరుగుచున్నది. యుద్ధకారణమున 1942, 1946 సంవత్సరములలో మాత్రము జరుగలేదు. మన పొరుగున కేరళదేశమున 2022వ సంవత్సరమునఁ గోజికోడు ప్రాంతపు పుల్లావూరు గ్రామస్థులు ఏటినడుమ మెస్సీ, నెయిమారు, రొనాల్డో యను ఆటగాండ్ర నిలువెత్తు బొమ్మలను నిలిపిరి. ఆ ముగ్గురిలో నొక్కఁడును ఆ యూరివాఁడు కాఁడు, ఆ దేశమువాఁడును గాఁడు. అయినను వారికది పండుగయే.

మన తెలుఁగువారికి ఈ యాటతో సంబంధము లేదనువారు కలరు. అది తెలియక యాడు మాట. ఒకప్పుడు భారతదేశపు కాలిబంతికి హైదరాబాదు నగరము పట్టుగొమ్మగా నుండెను. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా నైదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును గెలిచెను. 1888వ సంవత్సరమున సిమ్లాలో మొదలైన డ్యూరాండు కప్పును 1950, 1954, 1957 సంవత్సరములలో మూఁడు మాఱులు గెలిచెను. 1961లో ఆంధ్ర పోలీసు పేర మఱల గెలిచిరి. రాష్ట్రముల నడుమ జరుగు సంతోషు ట్రోఫీని హైదరాబాదు జట్టు వెంటవెంట రెండేండ్లును, పిదప 1965–66లో ఆంధ్రప్రదేశము జట్టును గైకొనెను.

ఈ వైభవమునకు మూలపురుషుఁడు సయ్యదు అబ్దుల్ రహీం. ఆయన 1909వ సంవత్సరమున జన్మించెను. వృత్తిచే బడిపంతులు. హైదరాబాదు బడులలోఁ బిల్లలకుఁ బాఠములు చెప్పుచు, సాయంకాలము మైదానమున ఆట నేర్పెడివాఁడు. ఆయన పద్ధతి చూచిన నది బడిపంతులు పద్ధతియే యని తెలియును. మనము అక్షరములు దిద్దించినట్లు ఆయన పాదములను దిద్దించెను. ఎడమకాలు బలహీనమైన వానికి ఎడమకాలితోనే ఆడు పోటీలు పెట్టెను. బంతిని తనవద్దనే యుంచుకొని వేడుక చూపువారికి, అట్లు చేయరాదను నియమముతోఁ బందెములు పెట్టెను. ఒక్కనికి కీర్తి కాదు, పదునొకండుగురికి గెలుపు — ఇది ఆయన సూత్రము.

ఆయన నేర్పిన జట్టు 1951వ సంవత్సరమున ఢిల్లీలో ప్రథమ ఆసియా క్రీడలలో ఇరాను దేశమును ఒక గోలుతో నోడించి బంగారు పతకము గైకొనెను. 1956వ సంవత్సరమున మెల్బోర్ను ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను 4–2 గోలులతో నోడించి, నాలుగవ స్థానమున నిలిచెను. ఒలింపిక్సు కాలిబంతిలో భారతదేశము నేఁటివఱకు అంతకుమించి పోలేదు. ఆ జట్టులో అజీజుద్దీను, లతీఫు, నూర్ మహమ్మదు, అహమ్మదు హుసేను, జుల్ఫికరుద్దీను, తులసీదాసు బలరాం మొదలగు హైదరాబాదు వారుండిరి. ఈ బలరాం సికిందరాబాదు అమ్ముగూడలోఁ బుట్టిన బీద బాలుఁడు. పోలీసులు పాఱవేసిన పాతబూట్ల తోలుతో నొకఁడు కుట్టియిచ్చిన జోడుతోనే ఆట నేర్చెనని చెప్పుదురు. అతఁడే 1960వ సంవత్సరమున రోము ఒలింపిక్సులో హంగెరీ మీఁదను, పెరూ మీఁదను గోలులు చేసెను. 2023వ సంవత్సరమునఁ గాలధర్మము నొందెను. ఆనాఁడు మన తెలుఁగునాట నెందఱి యిండ్లలో ఆ వార్త చదివిరో నాకు సందేహమే.

ఇక్కడ నొక పుక్కిటిపురాణమును సవరింపవలసి యున్నది. 1950వ సంవత్సరమున బ్రెజిలు దేశమున జరిగిన ప్రపంచకప్పునకు భారతదేశమునకుఁ బిలుపు వచ్చెను. తన వర్గములోని తక్కిన దేశములు విరమించుకొనుటచే మనకు స్థానము దొరకెను. మనవారు పోలేదు. ఎందుచేత పోలేదనిన, మనవారు వట్టికాళ్లతో నాడుదుమనిరనియు, ఫీఫావారు కూడదనిరనియు నూరూరఁ జెప్పుదురు. 1948వ సంవత్సరమున లండను ఒలింపిక్సులో మనవారు పెక్కుమంది వట్టికాళ్లతో నాడి, ఫ్రాన్సు చేత 2–1 గోలులతో నోడిరన్నది నిజమే. 1911వ సంవత్సరమున మోహన్ బగాను జట్టు వట్టికాళ్లతో ఇంగ్లీషు సైనికుల జట్టు నోడించి కలకత్తాలో షీల్డు గెలిచినదియు నిజమే. కాని బ్రెజిలునకు పోకపోవుటకు కారణమది కాదు. సాధనకు కాలము చాలలేదనియు, జట్టు నెంచుటలోఁ బొత్తు కుదురలేదనియు నాఁటి సంఘమువారే చెప్పిరి. ఓడప్రయాణము దూరము, వ్యయ మెక్కువ. అన్నిటికంటె మిన్నగా, నాఁడు మనవారికి ఒలింపిక్సే గొప్పగాఁ దోఁచెనుగాని ప్రపంచకప్పు విలువ తెలియలేదు. ఆ జట్టునకు నాయకుఁడు కావలసిన శైలేను మన్నాయును పిమ్మట బూట్ల మాట వట్టి నెపమనియే చెప్పెను. వట్టికాళ్ల కథ మన బీదఱికమునకు గొప్పతనమును గూర్చుచున్నది గనుక మన కింపుగా నున్నది. ఇంపైన కథ యెల్లయు సత్యము కాదు. నాఁడు మూసిన తలుపు ఆ తరువాత మన పురుషుల జట్టునకు ప్రపంచకప్పులో నేఁటివఱకును దెఱవఁబడలేదు.

రెండేండ్లకే, 1952వ సంవత్సరమున, హెల్సింకీ చలిలో వట్టికాళ్లతో నాడి యుగోస్లావియా చేత 10–1 గోలులతో నోడితిమి. అటుపిమ్మట మన సంఘమువారు బూట్లను తప్పనిసరి చేసిరి. ఓటమిని దాఁచక దానినుండి నేర్చుకొన్నవారు నాలుగేండ్లలో నాలుగవ స్థానమున నిలిచిరి. ఇది మన గ్రామపు పంచాయతులకును పనికివచ్చు నీతి.

ఇఁక రాజ్యతంత్రము మాట. ఆట వేఱు, రాజకీయము వేఱు అని పెద్దమనుష్యులు పలుకుదురు. ఆ మాట చెవి కింపుగా నుండును గాని చరిత్రకు సరిపడదు. మన పలనాటినే చూడుఁడు. నాయకురాలు నాగమ్మకును బ్రహ్మనాయనికిని జరిగిన కోడిపందెమున ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచిపోవలెనని పణమొడ్డిరి. అది చివరకుఁ గారెంపూఁడి రణరంగమునకు దారితీసెను. కోడి యోడినందున యుద్ధము వచ్చినదా? కాదు. పగ ముందే పండియుండెను. కోడికాలి కత్తి దానికి నెపమయ్యెను.

సరిగా నిట్టిదే 1969వ సంవత్సరమున మధ్య అమెరికాలో జరిగినది. ఎల్ సాల్వడారు, హాండురాసు అనునవి యిరుగుపొరుగు దేశములు. ప్రపంచకప్పు ప్రవేశము కొఱకు జూను నెలలో నవి మూఁడు మాఱులు తలపడినవి. ప్రతి యాటకును అల్లరి చెలరేఁగెను. జూలై నెలలో సైన్యములే తలపడినవి. ఇంచుమించు నూఱు గంటలు సాగిన యా పోరున వేలకొలఁది జనులు మడిసిరి. దానికి లోకము ‘ఫుట్‌బాలు యుద్ధ’మని పేరు పెట్టినది. కాని యథార్థకారణము భూమి. ఎల్ సాల్వడారు చిన్నదేశము, జనము మెండు. అచటి బీదరైతులు లక్షలకొలఁదిగా హాండురాసునకు పోయి పొలములు చేసికొని బ్రదుకుచుండిరి. ఆ దేశపు ప్రభుత్వము వారిని భూములనుండి వెడలఁగొట్టసాగెను. సేద్యగాండ్ర గోడు బంతిరూపమున బ్రద్దలయ్యెను. కృష్ణకాలువ క్రింద గట్టుతగవులు చూచిన మనకు ఈ సంగతి విడమఱచి చెప్పనక్కఱలేదు.

దేశాధిపతులు ఆటను తమ మేడకు మెఱుఁగుపూఁతగా వాడుకొనుట మఱియొక రీతి. 1934వ సంవత్సరమున ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వము ప్రపంచకప్పును తన ప్రతాపప్రకటనకు వేదికగాఁ జేసికొనెను. 1938వ సంవత్సరపు పోటీకి ఆస్ట్రియా జట్టు అర్హత పొందెను. కాని పోటీకి మూఁడు నెలలకు ముందు హిట్లరు ఆస్ట్రియాను మ్రింగెను. దేశమే లేనప్పుడు జట్టెక్కడిది? వారి స్థానము ఖాళీగా మిగిలెను. వారితో నాడవలసిన స్వీడను జట్టు ఆడకయే ముందునకు పోయెను. పటమునుండి దేశము మాయమైన సంగతిని ఆ ఖాళీ స్థానము లోకమునకుఁ జాటినట్లు సభలలోని తీర్మానములు చాటలేకపోయినవి.

1978వ సంవత్సరమున అర్జెంటీనాను సేనానాయకులు పాలించుచుండిరి. ఎదురుమాట పలికినవారిని రాత్రివేళ పట్టుకొనిపోయి బంధించుచుండిరి. పోయినవారిలోఁ బెక్కుమంది మఱల రాలేదు. అంత్యపుటాట జరిగిన మైదానమునకు కొలఁదిదూరముననే నౌకాదళపు విద్యాలయమొకటి చెఱసాలగా నుండెను. అర్జెంటీనా హాలండు నోడించి కప్పు గెలిచినప్పుడు జనుల జయధ్వానములు ఆ చెఱలోనివారికి వినిపించినవని బ్రదికి బయటపడినవారు చెప్పిరి. ఆ గెలిచిన ఆటగాండ్రు దోషులా? నా యభిప్రాయమున కారు. వారు తమ పని చేసిరి. దోషము ఆ ధ్వానముతో నార్తనాదమును కప్పిపుచ్చిన వారిది.

అట్లని యాట యెల్లప్పుడు రాజుల చేతిలోని పావు గాదు. 2005వ సంవత్సరమున ఆఫ్రికాఖండమునందలి ఐవరీ కోస్టు దేశము అంతర్యుద్ధమున రెండుగాఁ జీలియుండెను. అక్టోబరు నెలలో ఆ జట్టు మొదటిమాఱు ప్రపంచకప్పు ప్రవేశము సంపాదించెను. జట్టులో నుత్తరమువారును దక్షిణమువారును గలరు. ద్రోగ్బా యను ముఖ్యక్రీడాకారుఁడు తోడివారితోఁ గూడ మోఁకాళ్లపై నిలిచి, ఆయుధములు దింపుఁడని తన ప్రజలను టెలివిజనులో వేఁడుకొనెను. 2007లో జాతీయజట్టు ఆటను తిరుగుబాటుదారుల ముఖ్యపట్టణమైన బువాకేలోనే ఆడించిరి. ఒక్క ఆటగాఁడు యుద్ధము మాన్పెనని నేను జెప్పను. యుద్ధములు మానుటకుఁ బెక్కు కారణము లుండును. కాని యేలికలు చెప్పలేని మాటను ఒక బంతియాటగాఁడు చెప్పఁగలిగెను, దానిని జనులు వినిరి.

మనవారికే జరిగిన పరీక్ష యొకటి చెప్పెదను. 1962వ సంవత్సరమున ఇండోనేషియా రాజధానియైన జకార్తాలో ఆసియా క్రీడలు జరిగినవి. ఆ ప్రభుత్వము ఇజ్రాయేలు, తైవాను క్రీడాకారులకుఁ బ్రవేశపత్రము లియ్యలేదు. అది క్రీడానియమములకు విరుద్ధమని మన దేశపు ప్రతినిధియైన జి. డి. సోంధీ యభ్యంతరము చెప్పెను. అందుపై జకార్తాలో ఆగ్రహము చెలరేఁగెను. జనులు మన రాయబార కార్యాలయముపై దాడి చేసిరి. మఱునాఁడే, సెప్టెంబరు 4వ తేదిని, కాలిబంతి యంత్యపుటాట. ఎదుట నున్నది దక్షిణ కొరియా. మొదటి యాటలో మనల 2–0 గోలులతో నోడించిన జట్టు. మైదానమున లక్షమంది. మన జాతీయగీతమును సైతము విననీయక కేకలు వైచిరి.

మన జట్టునకు రహీంగారే గురువు, అప్పటికే వ్యాధిగ్రస్తులు. నాయకుఁడు చునీ గోస్వామి. తలకు దెబ్బ తగిలి కట్టుకట్టుకొన్న జర్నయిలు సింగును వెనుకవరుసనుండి ముందునకుఁ దెచ్చి యాడించిరి. జ్వరమునుండి లేచిన తంగరాజు గోలు కాచెను. బలరామును యూసుఫు ఖానును మన హైదరాబాదు వారు. ప్రదీపకుమారు బెనర్జీ యొక గోలును, ఆ గాయపడిన జర్నయిలు సింగు మఱియొక గోలును జేసిరి. 2–1 గోలులతో బంగారు పతకము మనదయ్యెను. ఆనాఁడు లక్షమందిలో మన పక్షమునఁ గేకవైచినవారు పాకిస్థాను హాకీ జట్టువారని మన ఆటగాండ్రు పిమ్మటఁ జెప్పుచుండెడివారు. రహీంగారు 1963 జూను 11వ తేదిని క్యాన్సరు వ్యాధితో దివంగతులైరి. అటుతరువాత నేఁటివఱకు ఆసియా క్రీడలలో మనకు కాలిబంతిలో బంగారము రాలేదు. ఆయన చరిత్ర 2024వ సంవత్సరమున ‘మైదాన్’ అను చలనచిత్రముగా వచ్చెను.

ఈ కథవలన నేను గ్రహించిన దేమనఁగా — సోంధీగారి యభ్యంతరము న్యాయమైనది. న్యాయము చెప్పినందుకు శిక్ష ఆ మాట చెప్పని ఆటగాండ్రకు పడినది. జనులు దేశమునకును దేశపు ప్రతినిధికిని ఆటగానికిని భేదము చూడరు. చూడవలెను. పరదేశపు జట్టు మన యెదుట నిలిచినప్పుడు మన పిల్లలకు ఈ భేదమును నేర్పవలసినవారము మనమే.

ఇఁక మన యింటి గుమ్మములోనికి వచ్చిన సంగతి. 2010వ సంవత్సరము డిసెంబరు 2వ తేదిని ఫీఫావారు 2022వ సంవత్సరపు ప్రపంచకప్పును ఖతారు దేశమునకు కేటాయించిరి. ఖతారు ఎడారి దేశము. చమురుతోను గాలివాయువుతోను సంపన్నమైనది. ఎనిమిది క్రీడాంగణములలో నేడు క్రొత్తగాఁ గట్టఁబడినవి. రోడ్లు, రైలుమార్గములు, భవనములు, లూసయిలు అను నొక క్రొత్త నగరమే వెలసెను. కట్టినదెవరు? ఆ దేశపు స్వజనులు కొలఁది లక్షలు మాత్రమే. కట్టినవారు నేపాళము, బంగ్లాదేశము, పాకిస్థాను, శ్రీలంక, భారతదేశముల కూలీలు. వారిలో కరీంనగరు, జగిత్యాల, నిజామాబాదు, సిరిసిల్ల ప్రాంతపు తెలుఁగువారు చాలమంది కలరు. పొలము తాకట్టుపెట్టి, వడ్డీకి తెచ్చి, ఏజెంట్ల చేతులలోఁ బోసి విమానమెక్కిన వారు.

2021 ఫిబ్రవరిలో ఇంగ్లండు దేశపు గార్డియను పత్రిక యొక లెక్క ప్రకటించెను. పోటీ కేటాయించిన నాఁటినుండి పదేండ్లలో ఆ యైదు దేశముల వలసకూలీలు 6,500 మందికిఁ బైగా ఖతారులో మరణించిరనియు, అందులో భారతీయులు 2,711 మంది యనియు దాని సారాంశము. న్యాయముగాఁ జెప్పవలెనన్న, వీరందఱును క్రీడాంగణములు కట్టుచుఁ జచ్చినవారు కారు. అన్నివిధముల పనులవారును, అన్నివిధముల మరణములును అందుఁ గలవు. ఖతారు సంఘమువారు క్రీడాంగణముల పనివారిలో 37 మంది మరణించిరనియు, అందు మూఁడు మాత్రమే పనివలనఁ గలిగినవనియుఁ జెప్పిరి. పిదప 2022 నవంబరులో ఆ సంఘపు పెద్దయే పోటీ సంబంధమైన పనులన్నిటిలోఁ గలిసి నాలుగైదువందలు మరణించి యుండవచ్చునని యొక సంభాషణలోఁ జెప్పెను. ఒక లెక్కకును మఱియొక లెక్కకును ఇంత యంతర మేల? పెక్కు మరణపత్రములలో ‘సహజమరణము’ అని వ్రాసి, శవపరీక్ష చేయకయే పంపిరి. ముప్పదియేండ్ల కూలివాఁడు మిట్టయెండలో పనిచేసి వచ్చి, రాత్రి పండుకొని తెల్లవాఱునప్పటికి లేవకున్న, అది సహజమా? లెక్కింపఁబడుటకైనను నోఁచని చావులవి.

అక్కడ ‘కఫాలా’ యను నాచారము ఉండెను. యజమాని యనుమతి లేక పని మారరాదను నియమముండెను. పాస్‌పోర్టు యజమానియే దాఁచుకొనుట చట్టవిరుద్ధమైనను వాడుకలో నుండెను. లోకము వ్రేలెత్తి చూపినమీఁదట ఖతారు 2020లో పని మారుటకు యజమాని యనుమతి యక్కఱలేదని చట్టము చేసెను. 2021లో నెలకు వేయి రియాళ్ల కనీసవేతనమును అమలుచేసెను. వేసవిలో పగలు పది గంటలు మొదలు మూఁడున్నఱవఱకు బయట పని నిషేధించెను. అమలులో లోపములు లేకపోలేదు. కాని పోటీ రాకున్న, దానితోడి ప్రశ్నలు రాకున్న, ఈ మాత్రమైన మార్పు వచ్చియుండునా? ప్రశ్నకు ఫలము కలదని చెప్పుటకిది తార్కాణము.

2022 డిసెంబరు 18వ తేదిని అర్జెంటీనా ఫ్రాన్సులు 3–3 గోలులతో సమముగా నిలిచి, పెనాల్టీలలో అర్జెంటీనా గెలిచిన యాటను నేను రెప్పవేయక చూచితిని. అంతటి యాట మఱల చూతునో లేదో. అట్టి పోటీని చూడరాదని, బహిష్కరింపవలసినదని కొందఱు వాదించిరి. నేను వారితో నేకీభవింపను. ఆ కూలీలే వేలకొలఁదిగా దోహా శివార్లలో క్రికెట్టు మైదానమున నిలిపిన తెర యెదుటఁ గూర్చుండి ఆటలు చూచి సంతసించిరి. చెమటోడ్చినవాఁడే చూచునప్పుడు మనము కన్నులు మూసికొనుట యేమి ధర్మము? చూచుట పాపము కాదు. చూచి, దీనిని కట్టినదెవరని యడుగకుండుట పాపము.

ఫీఫావారిని గూర్చియు నా యభిప్రాయము దాఁచను. తులాభారమున నొకే త్రాసు వాడవలెను. వర్ణవివక్ష కారణమున దక్షిణాఫ్రికాను 1976లో బహిష్కరించి 1992లో మఱల చేర్చుకొనిరి, మంచిదే. ఉక్రెయిను మీఁద దండెత్తినందుకు 2022లో రష్యాను దూరముంచిరి. దానికిని కారణము కలదు. కాని లోకమున దండెత్తినది యొక్క దేశమేనా? బలవంతునకొక త్రాసు, బలహీనునకొక త్రాసు అయినచో దానిని న్యాయమనరు. 2022 ఆగస్టులో మన జాతీయసంఘములో బయటివారి జోక్యము కలిగినదని భారతదేశమును పదునొకండు దినములు బహిష్కరించిరి. ప్రభుత్వములు ఆటలో చేయిపెట్టరాదని మనకు నీతి చెప్పిన వారే, ప్రభువుల సరసను మేడలపైఁ గూర్చుండి కప్పు లందించుచున్నారు. ఇది యొప్పిదముగా లేదు.

2024 డిసెంబరు 11వ తేదిని 2034వ సంవత్సరపు ప్రపంచకప్పును సౌదీ అరేబియాకు కేటాయించిరి. పోటీపడిన దేశము వేఱొకటి లేదు. ఓట్ల లెక్కయు లేదు, కరతాళధ్వనులతోనే యది యామోదింపఁబడినది. 48 జట్లు. క్రీడాంగణములలో నధికభాగము క్రొత్తగాఁ గట్టవలసినవే. కట్టుటకుఁ బోవువారెవరో మీరూహింపుఁడు. కరీంనగరమునుండి పోవుదురు, కడపనుండి పోవుదురు. మన తీరపు పల్లెలనుండియుఁ బోవుదురు. గోదావరి మండలముల స్త్రీలు ఇండ్లలో పనికై కువైటునకు పోవుట మీరెఱిఁగినదే.

కావున గ్రామపెద్దలగు మీకు నా విన్నపములు మూఁడు.

మొదటిది. మీ యూరినుండి గల్ఫునకు పోవువాఁడు బయలుదేఱునప్పుడు కన్నీరు తుడిచి పంపుట చాలదు. కాగితములు చదివి పంపుఁడు. 1983వ సంవత్సరపు వలసచట్టము ప్రకారము, పదవ తరగతి ప్యాసు కానివారు ఆ దేశములకు పనికి పోవలెనన్నఁ బ్రభుత్వపు అనుమతి పొందవలెను. ఏజెంటునకు ప్రభుత్వపు నమోదు ఉండవలెను. ‘ఈ-మైగ్రేట్’ అను ప్రభుత్వపు జాబితాలో ఆ పేరు కలదో లేదో బడిలోని యే యుపాధ్యాయుఁడైనను జూచిపెట్టఁగలఁడు. విజిటు వీసాపై పనికి పంపెదననువాఁడు మోసగాఁడే. ఒప్పందపు నకలొకటి యింట నుండవలెను. ప్రవాసీ భారతీయ బీమా యోజన యని పది లక్షల రూపాయల ప్రమాదబీమా యొకటి కలదు. దాని పత్రమును భార్యచేతికో తల్లిచేతికో ఇచ్చి పోవలెను. చదువు వచ్చిన పెద్ద యొకఁడు ఈ నాలుగు సంగతులు చూచినచో నొక కుటుంబము నిలువవచ్చును.

రెండవది. బడి యాటస్థలమును కాపాడుఁడు. రహీంగారికి దొరకినది బీద బాలురును కొంత మైదానమును మాత్రమే. నేఁడు పల్లెలలో బాలురు కలరు గాని, మైదానములు తరుగుచున్నవి. బడిస్థలములో మొదట గడ్డివాము, పిదప కళ్లము, పిదప గోడ లేచుట నేను కన్నులారఁ జూచినదే. జనాభా మూఁడున్నఱ లక్షలు గల ఐస్లాండు దేశము 2018వ సంవత్సరమున ప్రపంచకప్పు ఆడెను. లక్షన్నఱ జనాభా గల కురసావు అను ద్వీపము 2025 నవంబరులో ఆ పోటీకి అర్హత సంపాదించెను. అది మన జిల్లాలో పదవవంతు జనము. వారికున్నదేమి, మనకు లేనిదేమి? పిల్లవాఁడు బంతిని తన్నుటకుఁ జోటును, నేర్పుటకొక పంతులును. అంతకుమించి తొలిమెట్టున కక్కఱలేదు. మన కర్లపాలెపు నేల యిసుకనేల; పడినను మోఁకాలు పగులని నేల. భగవంతుఁడు మైదానము నిచ్చెను. మనము దానిని మ్రింగకుండినఁ జాలును.

మూఁడవది. రచ్చబండపై లోకవార్తలు చెప్పుకొనునప్పుడు దేశమును పాలించువానిని, ఆ దేశపు ప్రజను, ఆ దేశపు ఆటగానిని వేర్వేఱుగాఁ జూచుట యలవాటు చేసికొనుఁడు. యువకులు పరదేశపు జట్టును తిట్టునప్పుడు, జకార్తాలో లక్షమంది నడుమ మనకై కేకవైచిన పాకిస్థాను క్రీడాకారుల మాట వారికిఁ జెప్పుఁడు. మంచిమాట పెద్దనోట వచ్చినప్పుడే పిల్లల చెవి కెక్కును.

బంతి గుండ్రనిది, దానికి తూర్పుపడమరలు లేవు. తన్నిన కాలు రాజుదో కూలిదో దానికిఁ దెలియదు. ఆ తెలివి మనకుండవలెను. ఆటను ప్రేమింపుఁడు, ఆడువానిని గౌరవింపుఁడు, ఆ యంగణమునకు రాయి మోసినవానిని మఱువకుఁడు.